ఆఫ్రికాలో సార్వత్రిక విద్య: అధ్యాపకులు, గ్రంథపాలకుల వృత్తిపర శిక్షణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
బోధన వనరులు ఉచితంగా లభించినంత మాత్రాన సార్వత్రిక విద్య ఆచరణలోకి రాదు. వాటిని ఎంచుకొని, మలచి, తిరిగి లోకానికి అందించగల నైపుణ్యం అధ్యాపకులకు, గ్రంథపాలకులకు అవసరం. ఆఫ్రికా అనుభవం ఆధారంగా ఈ అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సార్వత్రిక విద్య, ఆఫ్రికా, అధ్యాపకులు, గ్రంథపాలకులు, వృత్త్యంతర శిక్షణ.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో ‘సార్వత్రిక’ అనే మాట దూరవిద్యను స్ఫురింపజేస్తుంది. ఇక్కడ దాని అర్థం వేరు. ఎవరైనా ఉచితంగా వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి హక్కుదారులు ముందే అనుమతించిన బోధనసామగ్రిని సార్వత్రిక విద్యావనరు అంటారు. కాపీహక్కు గడువు ముగిసిన రచనలూ ఈ కోవలోకే వస్తాయి. ఈ భావనకు 2002లో యునెస్కో నిర్వహించిన సమావేశంలో పేరు స్థిరపడింది. 2019 నవంబరులో యునెస్కో ఆమోదించిన సిఫారసు ఐదు కార్యరంగాలను సూచించింది. వాటిలో మొదటిది సామర్థ్య నిర్మాణం.

2. స్థానిక అవసరం:
పశ్చిమ ఆఫ్రికాలో బురూలీ పుండు అనే చర్మవ్యాధి ఉంది. పాశ్చాత్య దేశాల విద్యార్థుల కోసం రాసిన వైద్యగ్రంథాలలో ఇటువంటి వ్యాధులకు దక్కే చోటు స్వల్పం. ఘనాలోని కుమాసిలో ఉన్న క్వామే ఎన్‌క్రుమా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఈ వ్యాధిపై స్వయంగా పాఠ్యసామగ్రి రూపొందించి, సార్వత్రిక లైసెన్సుతో విడుదల చేశారు. ఇటువంటి పనికి వైద్యజ్ఞానం ఒక్కటే చాలదు. రోగుల ఛాయాచిత్రాలకు సమ్మతి పొందాలి. ఇతరుల చిత్రాలను వాడితే వాటి హక్కులు పరిశీలించాలి. ఇవి శిక్షణతో అలవడే నైపుణ్యాలు.

3. లైసెన్సుల పరిజ్ఞానం:
క్రియేటివ్ కామన్స్ లైసెన్సులన్నీ ఒకే స్వేచ్ఛను ఇవ్వవు. కొన్ని మూలకర్త పేరు చెబితే చాలంటాయి. కొన్ని వాణిజ్య వినియోగాన్ని నిషేధిస్తాయి. కొన్ని మార్చిన రూపాన్ని పంచుకోనివ్వవు. మార్చిన పాఠాన్ని అదే లైసెన్సుతో విడుదల చేయాలని మరికొన్ని షరతు పెడతాయి. ఈ భేదం తెలియని అధ్యాపకుడు రెండు పాఠాలను కలిపి ఒకటిగా చేస్తే, ఆ కొత్త పాఠాన్ని చట్టబద్ధంగా ప్రచురించే వీలే ఉండకపోవచ్చు.

4. గ్రంథపాలకుల పాత్ర:
కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం 2010లో అధ్యాపకుల బోధనసామగ్రి కోసం ఓపెన్‌కంటెంట్ అనే వేదికను ప్రారంభించింది. అనంతరం ఆ సామగ్రి ఓపెన్‌యూసీటీ అనే సంస్థాగత భాండాగారంలోకి చేరింది. దాని నిర్వహణ గ్రంథాలయానిది. ఈ మార్పు గమనించదగినది. పాఠం రాసేది అధ్యాపకుడే అయినా, దానిని వర్గీకరించి, వివరాలు జతచేసి, పదేళ్ల తరువాత కూడా దొరికేలా భద్రపరచేది గ్రంథపాలకుడు. అందుచేత ఇద్దరికీ విడివిడిగా ఇచ్చే శిక్షణ కంటే కలిపి ఇచ్చే శిక్షణ ప్రయోజనకరం.

5. శిక్షణ స్వరూపం:
2008లో ఏర్పడిన ఓఈఆర్ ఆఫ్రికా స్వయంగా చదువుకొనే చిన్న చిన్న అభ్యాస పాఠాలను రూపొందించింది. సార్వత్రిక వనరులను వెదకడం, మలచుకోవడం, పరిశోధనను అందరికీ అందేలా ప్రచురించడం వాటిలోని అంశాలు. బోధనభారం ఎక్కువగా ఉండి, ఇంటర్నెట్ ఖర్చు భారమయ్యేచోట సుదీర్ఘ కార్యశాలల కంటే ఈ పద్ధతి అనుకూలం. అయితే ఈ కృషికి పదోన్నతిలో గుర్తింపు లేకపోతే, నేర్చుకున్నది ఆచరణలో నిలవదు.

6. ముగింపు:
అనుమతి లైసెన్సు ఇస్తుంది. సామర్థ్యం శిక్షణ ఇస్తుంది. రెండవది లేకపోతే ఆఫ్రికా విశ్వవిద్యాలయాలు ఇతరులు రాసిన పాఠాలకు వినియోగదారులుగానే మిగులుతాయి. అది సమకూరినప్పుడు తమ వ్యాధులను, తమ భాషలను, తమ సమాజాలను తామే పాఠాలుగా రాసుకొని ప్రపంచానికి అందించగలుగుతాయి.