పరీక్షా మందిరమున కాలవినియోగము

రేడియోలో మాట్లాడువానికి గడియారమే యజమాని. పది నిమిషముల ప్రసంగములో ఉపోద్ఘాతమునకే ఆరు నిమిషములు వెచ్చించినచో, చెప్పవలసిన ముఖ్యవిషయము చెప్పకుండగనే స్టూడియోలో ఎఱ్ఱదీపము ఆరిపోవును. ఈ పాఠమును నేను ఉద్యోగములో నేర్చితిని. మా మేనల్లుడు పరీక్షా మందిరములో నేర్చెను.

ఎంసెట్ అని మన ఇండ్లలో పేరుపడి, నేడు ఈఏపీసెట్ అను పేర జరుగుచున్న పరీక్షలో ఇంజనీరింగు అభ్యర్థికి 160 ప్రశ్నలు: గణితము 80, భౌతికశాస్త్రము 40, రసాయనశాస్త్రము 40. కాలము 180 నిమిషములు. అనగా ఒక్కొక్క ప్రశ్నకు సగటున 67 సెకండ్ల పైచిలుకు. మావాడు గణితములో ఒక లెక్కతో పట్టుదలగా తొమ్మిది నిమిషములు పెనగులాడెను. లెక్క తేలినది, వచ్చిన మార్కు ఒక్కటే. ఆ తొమ్మిది నిమిషములు ఎనిమిది ప్రశ్నల కాలము. కడపట రసాయనశాస్త్రములో అతడెరిగిన ప్రశ్నలు పెక్కు చూడకయే మిగిలిపోయెను.

ఇచ్చట గ్రహింపవలసినదేమనగా, కఠినమైన ప్రశ్నకును సులభమైన ప్రశ్నకును మార్కు సమానమే. కావున మొదటి విడతలో తెలిసినవానిని ముగించి, సందేహమున్నవానిని గుర్తుపెట్టుకొని సాగిపోవలెను. రెండవ విడతలో వానిని చూడవలెను. ఈ రెండు విడతలకును కలిపి రసాయనశాస్త్రమునకు 25, భౌతికశాస్త్రమునకు 45, గణితమునకు 95 నిమిషములు కేటాయించినచో, సరిచూచుకొనుటకు 15 నిమిషములు మిగులును. ఇది శాసనము కాదు. ఎవరి బలమును బట్టి వారు మార్చుకొనవచ్చును. కంప్యూటరుపై సమాధానమును ఎంచినంత మాత్రమున చాలదు. దానిని భద్రపరచు మీటను గూడ నొక్కవలెను.

ఈ పరీక్షలో తప్పు సమాధానమునకు మార్కులు తగ్గింపరు. కనుక ఏ ప్రశ్నను ఖాళీగా విడువరాదు. నాలుగు సమాధానములలో రెండు తప్పని తేలినచో, మిగిలిన రెంటిలో ఒప్పు దొరకుటకు సగము అవకాశమున్నది. వైద్యవిద్యకై జరుగు నీట్ పరీక్ష తీరు వేరు. అచ్చట ఒప్పునకు నాలుగు మార్కులు వచ్చును, తప్పునకు ఒకటి పోవును. ఆధారము లేని ఊహ నష్టము తేవచ్చును.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఆదివారమునాడు మూడు గంటలు రేడియో కట్టివేసి, గడియారము నెదుట నుంచి, పిల్లలచే పాత ప్రశ్నపత్రము నొకదానిని చేయింపుడు. ఎన్ని మార్కులు వచ్చెనని అడుగుటకు ముందు, ఏ ప్రశ్న కడ ఎంతసేపు ఆగితివని అడుగుడు. మావాడు మరుసటి యేడు అట్లే సాధన చేసెను. ఆ యేడు అతడు చూడని ప్రశ్న ఒక్కటియు మిగులలేదు.