ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు

"ఇక దీన్ని పక్కన పడేయాల్సిందేనమ్మా!" అన్నాడు బందరులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు, మా లాప్‌టాప్‌ని అటూ ఇటూ తిప్పి చూసి. "కొత్త విండోస్ దీనికి ఎక్కదు. పాతదానికి కంపెనీ వాళ్లు సాయం ఆపేశారు. కావాలంటే మొత్తం చెరిపేసి మళ్లీ వేసిస్తాను. మీ ఫైళ్లకి మాత్రం నాది పూచీ కాదు."

నా గుండె గుభేలుమంది. 2017లో కొన్న లాప్‌టాప్ అది. అందులో నేను రాసిన కథలు ఇరవై మూడున్నాయి. మా అమ్మాయి చిన్నప్పటి ఫోటోలున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, మా మామగారి ఆఖరి సంక్రాంతి వీడియో ఉంది. నాలుగు నిమిషాలే అది. మనవరాలికి గాలిపటం కడుతూ "దారం అలా పట్టుకోకే పిచ్చిపిల్లా" అంటారాయన. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

లాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని బస్సులో శ్రీకాకుళం తిరిగొచ్చాను. శ్రీకాకుళం అనగానే ఉత్తరాంధ్ర అనుకునేరు! మాది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊరు.

కుర్రాడు అబద్ధం చెప్పలేదు లెండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పేరు నమోదు చేసుకున్న వాళ్లకి మరో ఏడాది భద్రతా మరమ్మతులు అందించే ఏర్పాటు చేశారు గానీ, అదీ తాత్కాలికమే. విండోస్ 11 వేసుకుందామంటే దానికి కావలసిన ప్రాసెసర్ల జాబితాలో మా పాతది లేదు. యంత్రం మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది. పనిచేసే వస్తువుని పారేయడానికి ఏ ఇల్లాలికి మనసొప్పుతుంది చెప్పండి?

అసలీ లినక్స్ ఏమిటి?

ఆ రాత్రి విజయవాడలో చదువుకుంటున్న మా ఆడపడుచు కొడుక్కి ఫోన్ చేశాను. "పారేయకు అత్తయ్యా! పక్కన లినక్స్ వేసుకో. విండోస్ ఉన్నచోటే ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో అదే నిన్నడుగుతుంది" అన్నాడు.

"రెండూ ఒకదాంట్లోనా? కొట్టుకోవూ?"

"గోడ సరిగ్గా కడితే కొట్టుకోవు."

అన్నదమ్ములు వేరుపడి ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకోవడం మనకి తెలియనిదా? కంప్యూటర్‌లో ఇదీ అంతే అన్నమాట.

విండోస్ లాగే లినక్స్ కూడా కంప్యూటర్‌ని నడిపించే వ్యవస్థ. 1991 ఆగస్టు 25న ఫిన్లాండులో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ "సరదాకి ఇలాంటిదొకటి చేస్తున్నా"నని నలుగురికీ తెలియజేశాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. అంతకుముందే, 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్, ఎవరైనా వాడుకునే, మార్చుకునే, పంచుకునే సాఫ్ట్‌వేర్ కావాలని గ్నూ పేరుతో పని మొదలుపెట్టాడు. ఈ రెండూ కలిశాయి. ఒకే బియ్యంతో ఒకరు పులిహోర, ఒకరు దద్ధ్యోదనం చేసినట్టు ఆ లినక్స్‌తోనే రకరకాల వాళ్లు రకరకాల వ్యవస్థలు తయారుచేశారు. 2004లో ఉబుంటు, 2006లో మింట్ వచ్చాయి. మన హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ తెలుగులో కనిపించే వ్యవస్థ కోసం పనిచేసింది. అంతెందుకు, మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే లోపల ఉన్నది లినక్సే! తెలియకుండానే మనమంతా వాడేస్తున్నాం.

కొత్తవాళ్లకి తేలికని మా మేనల్లుడు మింట్ చెప్పాడు. ఖర్చు? వ్యవస్థ ఉచితం. నేను కొన్నదల్లా 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒక్కటే.

"మరి విండోస్ తీసేస్తే పోలా?" అని మావారు అడిగారు. పోదు. నా పాత కథలు డీటీపీ సెంటర్లో పాతకాలపు ఫాంటులో కొట్టించినవి. ఆ ఫాంటు, దాని సాఫ్ట్‌వేర్ లేనిచోట ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు కనిపిస్తాయి. వాటిని నెమ్మదిగా కొత్త పద్ధతిలోకి మార్చుకునే దాకా విండోస్ ఉండాల్సిందే.

అత్తయ్య చెప్పిన మాట

"మొదలెట్టే ముందు అన్నీ ఇంకోచోట దాచుకో" అని మేనల్లుడు మరీ మరీ చెప్పాడు. "ఏం పోతాయిలే" అని నేను బద్ధకించాను. వింటున్న మా అత్తయ్య వత్తులు చేయడం ఆపి నా మొహంలోకి చూసింది.

మా అత్తయ్య పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకి పద్నాలుగేళ్లు. "మా నాన్న ఫోటో ఒక్కటే ఉండేదమ్మా. భద్రంగా ఉంటుందని ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతలో పెట్టింది మా అమ్మ. పెట్టె పోయింది, ఫోటో పోయింది. మా నాన్న ఎలా ఉండేవాడో నాకు గుర్తుంది గానీ, మీకెవరికీ చూపించలేను. భద్రం అంటే గట్టి పెట్టె కాదు, రెండు చోట్ల ఉండటం."

ఇంకేం మాట్లాడతాను? రెండు రోజులు కూర్చుని అన్నిటినీ విడి హార్డ్‌డిస్కులోకి ఎక్కించాను. కథలు, ఫోటోలు, ఆ వీడియో ఇంకో పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి గుడివాడలో మా అమ్మకి పంపాను. ఎక్కించి ఊరుకోలేదు, నాలుగు ఫైళ్లు తెరిచి చూసుకున్నాను. తెరుచుకోని నకలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నలభై ఎనిమిది అంకెలు

మేనల్లుడు చెప్పిన రెండో జాగ్రత్త బిట్‌లాకర్. కొన్ని కంప్యూటర్లలో డిస్కుకి మనకు తెలియకుండానే విండోస్ తాళం వేసి ఉంటుంది. దొంగల చేతిలో పడ్డా లోపలివి కనపడకుండా అన్నమాట. ఆ తాళానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లోనో, మన మైక్రోసాఫ్ట్ ఖాతాలోనో దొరుకుతుంది. దాన్ని తీసి నా పద్దుల పుస్తకంలో పాల లెక్క కింద రాసుకున్నాను. రాస్తూ "ఈ చాదస్తం ఎందుకో" అనుకున్నమాట నిజం.

తర్వాత మింట్ ఫైలు దించుకున్నాను. మూడు జీబీకి అటూ ఇటూగా ఉంటుంది. రూఫస్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. మామూలుగా కాపీ చేస్తే పనికిరాదు. ఇలా ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ చెరిగిపోతాయి, గుర్తుంచుకోండి.

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతొకటుంది. ఇన్‌స్టాల్ చేయకుండానే, పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపి చూసుకోవచ్చు. చీర కొనేముందు భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకున్నట్టు! కంప్యూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ముందు పెన్‌డ్రైవ్‌ని చూడమని మార్చాను. మింట్ తెర వచ్చింది. వైఫై అందింది, పాట వినిపించింది, ప్రింటరు పలికింది. సంతోషంగా మూసేసి విండోస్‌లోకి వెళ్లబోయాను.

తెర నీలంగా మారింది. "రికవరీ కీ ఇవ్వండి" అంది.

నా చేతులు చల్లబడ్డాయి. తప్పు యంత్రానిది కాదు. సెట్టింగులు మారాయి కనుక, తలుపు తడుతున్నది ఎవరోనని విండోస్‌కి అనుమానం వచ్చింది. పద్దుల పుస్తకం తెచ్చాను. మా అమ్మాయి అంకెలు చదువుతుంటే ఒక్కొక్కటే కొట్టాను. నలభై ఎనిమిదోది కొట్టాక తలుపు తెరుచుకుంది. రాసిపెట్టుకోకపోతే? ఆ ఖాతా పాస్‌వర్డ్ కూడా మర్చిపోయి ఉంటే? నకళ్లు తీయకపోయి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది సుమండీ!

నడిమి గోడ

మర్నాడు ముందుగా ఆ తాళం తీసేశాను. డిస్కు మొత్తం విప్పడానికి కొన్ని గంటలు పట్టింది. తర్వాత విండోస్ పవర్ సెట్టింగుల్లో ఫాస్ట్ స్టార్టప్ అనేది ఆపాను. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, కోడి కునుకు తీస్తుంది. అలాంటప్పుడు దాని ఫైళ్లని లినక్స్ ముట్టుకోకూడదు.

ఇక స్థలం. మింట్‌కి కనీసం 20 జీబీ కావాలి, సుఖంగా ఉండాలంటే 100 అంటారు. మా డిస్కు మొత్తం 256 జీబీ కనుక మధ్యేమార్గంగా 60 ఇచ్చాను. విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద కుడి బటన్ నొక్కి, ష్రింక్ వాల్యూమ్ అనాలి. విండోస్ తన ఇంట్లో తనే సర్దుకుని కొంచెం చోటు ఖాళీ చేసి ఇస్తుంది.

ఆ రోజు కరెంటు కోత లేదని కనుక్కుని, చార్జరు తగిలించి, మధ్యాహ్నం మొదలుపెట్టాను. భాషల జాబితాలో తెలుగు ఎంచుకున్నాను. కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో వచ్చాయి. కాసేపటికి అసలు ప్రశ్న వచ్చింది. విండోస్ పక్కన వేయాలా, డిస్కంతా చెరిపి వేయాలా అని. రెండూ ఒకదాని కింద ఒకటి, పక్కపక్క ఇళ్లలా అమాయకంగా ఉన్నాయి. పొరపాటున రెండోది నొక్కితే ఇల్లు ఖాళీ! ముమ్మారు చదివి మొదటిది నొక్కాను. అరగంటలో అయిపోయింది.

మళ్లీ ఆన్ చేస్తే తెర మీద వరుసగా పేర్లు కనిపించాయి. పైన మింట్, కింద విండోస్. ముందు విండోస్‌లోకే వెళ్లి ఆ వీడియో పెట్టాను. "దారం అలా పట్టుకోకే పిచ్చిపిల్లా" అన్నారు మామగారు. అత్తయ్య ఏమీ అనలేదు. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ వత్తుల్లో పడింది.

చిన్న తమాషా ఒకటి జరిగింది. సాయంత్రం నాలుగున్నరైతే విండోస్ గడియారం ఉదయం పదకొండు చూపిస్తోంది! లెక్క వేస్తే సరిగ్గా ఐదున్నర గంటల తేడా. లోపలి గడియారాన్ని లినక్స్ అంతర్జాతీయ కాలమానంలో ఉంచుతుంది. అదే మన సమయమని విండోస్ అనుకుంటుంది. మేనల్లుడు లినక్స్‌లో ఒక్క వరుస కొట్టించి ఇద్దరికీ రాజీ కుదిర్చాడు.

ఇక నా కథ

ఇప్పుడు నా రాత పని మింట్‌లోనే. తెలుగు కీబోర్డు సెట్టింగుల్లోనే ఉంటుంది. భారతీయ భాషలకి ఉమ్మడిగా ఉన్న ఇన్‌స్క్రిప్ట్ వాడొచ్చు. అది రానివాళ్లు ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే ఆర్‌టీఎస్ వాడొచ్చు. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకున్న మన తెలుగువాళ్లు కూర్చిన పద్ధతి అది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో ఒకదాని పేరేమిటో తెలుసా? శ్రీకృష్ణదేవరాయ!

కళింగ దండయాత్రకి వెళ్తూ మా ఊళ్లో ఆగిన రాయలవారికి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని, అలా ఆముక్తమాల్యద పుట్టిందని చెబుతారు. ఆయన పేరున్న అక్షరాలతో, ఆ గుడి గంట వినిపించే ఇంట్లో కూర్చుని, నా ఇరవై నాలుగో కథకి పేరు కొట్టాను. పారేయమన్న లాప్‌టాప్ మీద!

ఇదంతా చదివి నేనేదో ఘనకార్యం చేశానని అనుకోకండి. నెలసరుకు సర్దినంత ఓపిక, బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టేముందు చదివినంత జాగ్రత్త ఉంటే చాలు. ఆ రెండూ మన దగ్గర బోలెడున్నాయి. లేనిదల్లా "నాకేం తెలుసు, అబ్బాయి వచ్చాక చూస్తాడులే" అనే మాట మానుకోవడమే.

మీ ఇంట్లోనూ బీరువా మీద ఓ పాత లాప్‌టాప్ ఉండే ఉంటుంది. దించి దుమ్ము దులపండి. అయితే అన్నిటికంటే ముందు ఫోటోలు రెండు చోట్ల దాచండి. ఇది నా మాట కాదు, ఉప్పెన చూసిన మా అత్తయ్య మాట.