ఇంగ్లీషు చదువుకు ఇంటి భాషే మెట్టు



ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలలో నేడు ఏ బిడ్డ సంచి తెరచి చూచినా ఇంగ్లీషు పుస్తకాలే ఎక్కువ. ఆ సంచి మోసే బిడ్డ ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది; సరిహద్దు పల్లెలలోనైతే కన్నడం మాట్లాడుతుంది. ఇంగ్లీషు వీధిలో వినబడదు, చేనిలో వినబడదు, సంతలో వినబడదు. అది బడి గంటతో మొదలై బడి గంటతో ముగుస్తుంది. అయినను లెక్కలు, సైన్సు, సాంఘికం అన్నీ బిడ్డ ఆ భాషలోనే గ్రహించవలసి ఉన్నది. ఈ భారం మోయడానికి పెద్దలమైన మనం ఎలా సహాయపడగలమో ఆలోచిద్దాం.

ఇది మన సీమకు కొత్త సమస్య కాదు. ఆలూరు, ఆదోని తాలూకాలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో ఉండేవి. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో బడుల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంప్‌బెల్ 1823లో జవాబు వ్రాశాడు. ఆయన లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఇంగ్లీషు బడి ఒక్కటే. ఆయన ఎత్తి చూపిన లోపం మాత్రం నేటికీ ఆలోచింపదగినది. పిల్లలు నేర్చే పద్యాల భాష వారు మాట్లాడే భాషకు చాలా దూరం గనుక, ఎన్నో పద్యాలు అప్పజెప్పగలరు గాని భావం మాత్రం చిలుకకు తెలిసినంతే తెలుసునని ఆయన వ్రాశాడు.

రెండు వందల ఏండ్లు గడిచాయి. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 1 నుండి 6వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం పెట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. తరువాత తల్లిదండ్రుల అభిప్రాయం అడిగితే ఎక్కువమంది ఇంగ్లీషునే కోరారు. వారిని తప్పుపట్టలేము. కూలి చేసే తండ్రి తన బిడ్డ కూలికి పోకూడదని కోరుకోవడం న్యాయమే. అయితే ఇంగ్లీషు కావాలని కోరడం ఒకటి, చిలుక చదువుతో తృప్తిపడడం మరొకటి.

కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ ఒక సంగతి తేటపరచాడు. వలస వచ్చిన పిల్లలు ఆటపాటల ఇంగ్లీషును రెండేళ్లలో పట్టుకుంటారు. పాఠ్యపుస్తకాల ఇంగ్లీషుకు ఐదేళ్లు, అంతకు మించి కూడా పడుతుంది. అక్కడ ఇంటి గుమ్మం దాటితే ఇంగ్లీషే. మన పల్లె బిడ్డకు ఆ సౌకర్యం లేదు. కనుక మూడో తరగతి బిడ్డ ఇంగ్లీషులో జవాబు చెప్పలేకపోతే మొద్దు అనకండి. తెలివి ఉన్నది, మాటే ఇంకా రాలేదు.

బడిలో చేయదగినవి

మొదట వినిపించండి, తరువాత పలికించండి, ఆ పిమ్మట వ్రాయించండి. 'స్టాండప్', 'ఓపెన్ ద డోర్' అని చెప్పి చేయిస్తే మాట చెవికీ చేతికీ కలిసి అబ్బుతుంది. మన అక్షరం వ్రాసినట్టే పలుకుతుంది. ఇంగ్లీషు అక్షరం అలా కాదు. ఒకే 'యు' అక్షరం 'పుట్'లో ఒకలా, 'కట్'లో మరొకలా పలుకుతుంది. అందుచేత అక్షరాల పేర్లతో పాటు వాటి ధ్వనులు కూడా నేర్పాలి.

వాక్యం కట్టే తీరు కూడా విప్పి చూపాలి. 'నేను నీళ్లు తాగుతాను' అంటాం మనం. క్రియ చివర వస్తుంది. 'ఐ డ్రింక్ వాటర్' అన్నప్పుడు అది నడుమ వస్తుంది. ఈ తేడాను ఇంటి భాషలో ఒక్కసారి వివరిస్తే పిల్లల అనేక తప్పులు తగ్గుతాయి. తరగతిలో తెలుగు గాని కన్నడం గాని మాట్లాడిన బిడ్డకు శిక్ష వేయడం మంచిది కాదు. శిక్షకు భయపడిన బిడ్డ ఇంగ్లీషు నేర్వదు, నోరు మూసుకుంటుంది.

ఇంట్లో చేయదగినవి

'మాకు చదువు రాదు, మేమేం చెప్పగలం' అని అనేకులు మాతో అంటారు. చదువు రాకున్నా చేయగలిగినది ఉన్నది. సాయంత్రం బిడ్డను కూర్చోబెట్టి, 'ఈ పొద్దు సారు ఏం చెప్పినారు నాయనా?' అని అడగండి. బిడ్డ మన మాటలలో చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే; చెప్పలేకపోతే ఎక్కడ ఆగిందో రేపు సారును అడగమనండి. 2020 తరువాత ప్రభుత్వం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉండే పుస్తకాలు ముద్రించింది. అటువంటి పుస్తకం ఉంటే ముందు తెలుగు పేజీ చదివించండి, తరువాత ఇంగ్లీషు పేజీ. భావం ముందే తెలిస్తే కొత్త మాట బెదిరించదు.

మరొక మాట. పత్తికి, మిరపకాయలకు సుగ్గికి పోయేటప్పుడు బిడ్డను వెంట తీసుకొనిపోతే ఇంగ్లీషు వినే ఒక్క చోటు కూడా వారికి దూరమవుతుంది. అవ్వ దగ్గరనో, హాస్టలులోనో ఉంచే మార్గం ముందుగానే సారుతో మాట్లాడుకోండి. తప్పనిసరిగా తీసుకొనిపోతే పుస్తకాలు మూటలో పెట్టండి.

నెహెమ్యా దినములలో ధర్మశాస్త్రాన్ని చదివినవారు అంతటితో ఆగక, ప్రజలు గ్రహించునట్లు దాని అర్థాన్ని కూడా వివరించారు. మన సంఘాలలో ఇంటరు, డిగ్రీ చదివిన యౌవనులు ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు మందిరపు వరండాలో, ఏ ఇంటి బిడ్డ అని చూడక, ఊరి పిల్లలందరికీ పాఠాల అర్థం చెప్పగలరా? ఒక చాప, ఒక దీపం, ఓపిక ఉంటే చాలు. ఈ నెలలోనే సంఘ పెద్దలు దీనిని గూర్చి మాట్లాడాలని కోరుతున్నాము.