మొద్దు కత్తి చేతికి చేటు

గడ్డి మిషను కత్తులకు ఇంటివద్దే పదును పెట్టుకునే విధం

ఆర్మూరు: ఎర్రజొన్న కోతలు ముగిసి చొప్ప ఇల్లు చేరిందంటే, పాడి ఉన్న ఇళ్లలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గడ్డి మిషను చప్పుడు తప్పదు. మిషను ఎంత పెద్దదైనా, మోటారు ఎంత బలమైనదైనా గడ్డిని కోసేది మాత్రం చక్రానికి బిగించిన కత్తులే. మిషను కొన్ననాడు వాటిని చూసి మురిసిపోయిన రైతు, తరువాత వాటి సంగతే మరిచిపోతున్నాడు. మోటారుకు నూనె పోస్తారు, బెల్టు మారుస్తారు, కత్తిని మాత్రం విరిగేదాకా అలాగే తిప్పుతారు.

కత్తి మొద్దుబారితే నష్టం గడ్డితో ఆగదు. పదునైన కత్తి చొప్పను టక్కున తెంపి పడేస్తుంది. మొద్దు కత్తికి చొప్ప తెగక నలుగుతుంది, వంగుతుంది, మూతి దగ్గర ఇరుక్కుంటుంది. చక్రం బరువెక్కుతుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? చేత్తో నెట్టుతాడు. ఇరుక్కున్న దానిని వేళ్లతో లాగబోతాడు. వేళ్లు, ముంజేతులు పోయేది అలాంటి క్షణంలోనే. మొద్దు కత్తికి చొప్ప తెగకపోవచ్చు గాని, చేతిని నలిపి విరిచే బలం చక్రానికి ఎప్పుడూ ఉంటుంది. కత్తి పదును పొదుపు కోసం మాత్రమే కాదు, చేతుల క్షేమం కోసం కూడా అని పాడి రైతులు గుర్తించాలి.

మొద్దుబారిందని తెలిసేదెలా?

తెగిన ముక్కను చేతిలోకి తీసుకుని చూడాలి. కోసిన చోటు నున్నగా ఉంటే కత్తి బాగున్నట్టు. పీచు వేలాడుతూ, చివర నలిగి ఉంటే పదును పోయినట్టు. ముక్కలు ఒకటి అంగుళం, ఇంకొకటి జానెడు పడుతున్నా అనుమానించాల్సిందే. అలాంటి పీచు ముక్కలను బర్రె తినదు. ఆకు ఏరుకుని కాడ గాడిలో వదిలేస్తుంది. మోటారు మూలుగుతున్నా, చేతి మిషనులో చక్రం ఒక్కొక్క చోట పట్టేస్తున్నా కారణం చాలావరకు కత్తే.

పదును త్వరగా పోవడానికి మన అలవాట్లూ కారణమే. వేళ్లతో పీకిన చొప్పకు అంటుకున్న మట్టి, ఇసుక కత్తిని అరగదీస్తాయి. మోపులకు కట్టిన తీగ ముక్క, చిన్న రాయి లోపలికి వెళితే అంచు గంట్లు పడుతుంది. మిషనులో పెట్టే ముందు మోపును విప్పి ఒకసారి దులిపితే ఆ బాధ సగం తప్పుతుంది.

కొలిమి దూరమైంది

పూర్వం ఈ పనికి రైతు చింత పడవలసిన అవసరం ఉండేది కాదు. ఊళ్లో కమ్మరి ఉండేవాడు. కర్రు కాల్చినా, కొడవలికి కక్కు కొట్టినా, గొడ్డలికి పాయనం పెట్టినా కళ్లంలో ఆయన మేర ఆయనకు అందేది. నాగళ్లు పోయి ట్రాక్టర్లు, కొడవళ్లు పోయి వరికోత మిషన్లు వచ్చాక ఆ కొలుములు చాలా ఊళ్లలో చల్లారిపోయాయి. ఉన్న ఒకరిద్దరి దగ్గరకు కత్తి మోసుకుపోవాలంటే ఒక పూట పని పోతుంది.

ఉక్కుకు పేరుబడిన నేల మనది. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. వాయ్సే అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఇక్కడి కొలుములను చూసి రాసిన వివరం 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇంగ్లీషువారు 'ఊట్జ్' అని రాసుకున్నది మన 'ఉక్కు' మాటేనని పండితులు చెబుతారు. అంతటి ఉక్కు తీసిన జిల్లాలో ఒక గడ్డి కత్తికి పదును పెట్టుకోవడం రైతుకు చేతకాని పనేమీ కాదు. కావలసింది ఒక ఆకురాయి, ఒక సానరాయి, రెండు పానాలు, కాస్త ఓపిక.

ముందు కరెంటు సంగతి

మోటారు మిషను అయితే స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గు పీకేయాలి. ప్లగ్గు లేకుండా నేరుగా వైరు కలిపి ఉంటే ఫ్యూజు తీసి, పని అయ్యేదాకా జేబులో పెట్టుకోవాలి. మనం కత్తి విప్పుతుండగా ఇంట్లో ఎవరో తెలియక స్విచ్చి వేయవచ్చు. పోయిన కరెంటు హఠాత్తుగా రావచ్చు. బెల్టు కూడా తప్పించడం మేలు.

తరువాత చక్రం కదలకుండా దాని ఆకుల మధ్య గట్టి కర్ర దూర్చాలి. ఒక కత్తిని విప్పేటప్పుడు రెండో కత్తికి గోనె సంచి చుట్టాలి. తుప్పు పట్టిన బోల్టు ఒక్కసారిగా వదిలినప్పుడు పానాతో సహా చేయి వెళ్లి తగిలేది ఆ కత్తికే. బిగుసుకుపోయిన బోల్టులకు ముందురోజు రాత్రే కిరసనాయిలో, డీజిలో వేసి ఉంచితే పొద్దున సులువుగా వస్తాయి. ఏ కత్తి ఎటువైపుదో, ఏ వాషరు ఎక్కడిదో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. పిల్లలను ఆ దరిదాపులకు రానీయరాదు.

పదును ఒకవైపే

గడ్డి మిషను కత్తికి ఒక ముఖం చదునుగా ఉంటుంది. రెండో ముఖానికి అంచు దగ్గర వాలు ఉంటుంది. చదును ముఖం మూతి పట్టీని రాసుకుంటున్నట్టుగా తిరుగుతుంది కనుకనే కత్తెరలాగా గడ్డి తెగుతుంది. కనుక పదును పెట్టవలసింది వాలు ఉన్న వైపు మాత్రమే. చాలామంది రెండువైపులా రుద్ది కత్తిని పాడు చేస్తున్నారు. చదును ముఖం అరిగితే పట్టీకి, కత్తికి మధ్య సందు ఏర్పడి, ఎంత పదునున్నా చొప్ప ఆ సందులో మడతపడుతుంది.

వాలు ఎంత ఉండాలి? కత్తి కొత్తగా వచ్చినప్పుడు ఎంత ఉందో అంతే ఉంచడం మంచిది. అది అరిగి గుర్తు తెలియకపోతే ఒక లెక్క ఉంది. కత్తి మందం ఎంతో చూసి, వాలు వెడల్పు దానికి రెట్టింపు ఉండేటట్టు చేస్తే 30 డిగ్రీల కోణం వస్తుంది. అంతకంటే పలచన చేస్తే మొదటి రోజు బాగా కోసి, మర్నాటికే గంట్లు పడుతుంది. మరీ మొండిగా ఉంచితే కోయదు.

కత్తిని వైసులో బిగించాలి. వైసు లేకపోతే మందపాటి చెక్కమీద పెట్టి రెండు బోల్టులతో బిగించవచ్చు. వాలు మీద దీపం మసి పూయాలి. ఆకురాయి నాలుగుసార్లు తోసి చూస్తే మసి ఎక్కడ పోయిందో, ఎక్కడ మిగిలిందో తెలుస్తుంది. మసి వాలు అంతటా సమంగా పోతుంటే చేయి సరైన కోణంలో ఉన్నట్టు. ఆకురాయి ముందుకు తోసినప్పుడే కోస్తుంది. వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తాలి. ముందుకూ వెనక్కూ రంపంలాగా లాగితే ఆకురాయి పళ్లే అరిగిపోతాయి. ఆకురాయికి కట్టె పిడి తప్పక ఉండాలి. అంచు వంపు ఎటు తిరిగితే చేయి అటే తిరగాలి.

కొద్దిసేపటికి చదును ముఖం వైపు అంచు పొడవునా సన్నటి గరుకు తేలుతుంది. పదును చివరిదాకా వచ్చిందనడానికి అదే గుర్తు. వేలితో చూడదలిస్తే అంచు నుంచి బయటికి అడ్డంగా తాకి చూడాలి గాని, అంచు వెంబడి వేలు జరపరాదు. అప్పుడు సానరాయిని నీళ్లతో తడిపి, చదును ముఖం మీద పూర్తిగా పరిచి రెండుమూడు సార్లు రుద్దితే ఆ గరుకు రాలిపోతుంది.

ఒక కత్తికి ఎంత పని చేశామో రెండో కత్తికీ అంతే చేయాలి. ఇరవై తోపులైతే ఇరవై. ఒకటి ఎక్కువ అరిగి తేలికైతే చక్రం తూకం తప్పి మిషను అదురుతుంది. చిన్న గంటు ఉంటే దానికోసం కత్తినంతా అరగదీయనక్కరలేదు, రెండు మూడు సార్లు పదును పెట్టేసరికి అదే పోతుంది. నెర్రె పట్టిన కత్తిని మాత్రం పారేయవలసిందే. వెల్డింగు పెట్టించి మళ్లీ బిగిస్తే, తిరిగేటప్పుడు విరిగి ఎవరి మీదికి వస్తుందో చెప్పలేం.

గ్రైండరుతో జాగ్రత్త

ఆకురాయి జారిపోయేంత గట్టి కత్తులూ ఉంటాయి. అలాంటప్పుడు గ్రైండరు వాడక తప్పదు. కాని తొందర పనికిరాదు. అంచు నీలం రంగుకు తిరిగిందంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్లినట్టు. ఆ చోట పాయనం దిగిపోయి ఉక్కు మెత్తబడుతుంది. ఎంత నూరినా పదును నిలవదు. పక్కనే నీళ్ల బకెట్టు పెట్టుకుని, రెండు మూడు క్షణాలకొకసారి కత్తిని ముంచుతూ పని చేయాలి. చేత్తో పట్టుకోలేనంత వేడి ఎక్కనీయకుండా ఉంటే చాలు.

చేతి గ్రైండరులో చిన్న చక్రం నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరుగుతుంది. ఇనుము కోసే పలచటి చక్రంతో అంచు రాపిడి చేయరాదు, పక్కనుంచి ఒత్తిడి పడితే అది పగిలి ముక్కలు ఎగురుతాయి. రాపిడికి మందపాటి చక్రం వేరే దొరుకుతుంది. కళ్లద్దాలు పెట్టుకోవాలి. మెడలో తువ్వాల, భుజాన కొంగు వేలాడరాదు. గడ్డివాము దగ్గర ఈ పని అసలు పెట్టుకోరాదు. ఒక్క నిప్పురవ్వ చాలు, ఏడాది మేత బూడిద కావడానికి.

బిగించాక కాగితం పరీక్ష

కత్తులు బిగించాక మూతి పట్టీకి దగ్గరగా, తగలీ తగలనట్టు సరిచేయాలి. పట్టీ అంచు మీద కాగితం పెట్టి, వేళ్లు ఎడంగా ఉంచి, ఇంకొకరి చేత చక్రాన్ని మెల్లగా తిప్పించాలి. కాగితం చివరిదాకా నున్నగా తెగితే సరిపోయినట్టు. చిరిగినా, మడతపడినా సందు ఎక్కువ. కత్తి పట్టీని గీరుకుంటుంటే సందు తక్కువ. పట్టీ అంచు గుండ్రంగా అరిగిపోయి ఉంటే దానినీ తిప్పి వేయడమో మార్చడమో చేయాలి. కత్తెరకు ఒక రెక్కే పదునుంటే ఏం లాభం?

బోల్టులన్నీ బిగించి, కర్ర, గోనె సంచి, పానాలు తీసేశామో లేదో చూసి, చేత్తో రెండు చుట్లు తిప్పిన తరువాతే ఫ్యూజు పెట్టాలి. వానాకాలంలో మిషను ఆపి ఉంచే రోజుల్లో కత్తులకు నూనె పూస్తే తుప్పు పట్టదు.

పొలాల గట్లమీద ఇప్పుడు వాడుతున్న పెట్రోలు గడ్డికోత మిషన్లకు, కళాశాలల ఆవరణలో పచ్చిక కోసే మిషన్లకు కూడా సూత్రం ఇదే. అక్కడ ఫ్యూజుకు బదులు స్పార్కు ప్లగ్గు వైరు ఊడదీయాలి. పదును పెట్టిన పట్టీ కత్తిని నడిమి రంధ్రంతో గోడ మేకుకు తగిలిస్తే సమంగా నిలవాలి. ఒకవైపు వాలితే ఆ వైపు ఇంకా కొంచెం అరగదీయాలి.

ప్రమాదం జరిగితే

ఎంత జాగ్రత్తపడ్డా ప్రమాదం జరిగితే మొదట మోటారు ఆపాలి. చేయి ఇరుక్కుంటే లాగరాదు, చక్రాన్ని వెనక్కి తిప్పి విడిపించాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి, చేయి పైకెత్తి ఉంచి 108కి ఫోను చేయాలి. పసుపు, కాఫీపొడి, కిరసనాయిలు వేయరాదు. వేలు తెగిపోతే పారేయకూడదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీళ్లు చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని మంచు ముక్కలున్న గిన్నెలో ఉంచి ఆస్పత్రికి తీసుకుపోవాలి. మంచు నేరుగా వేలికి తగలరాదు. గంటలు గడిచేకొద్దీ అతికించే అవకాశం తగ్గిపోతుంది.

ప్రమాదకర యంత్రాల కోసం పార్లమెంటు 1983లోనే ఒక చట్టం చేసింది. నూర్పిడి మిషన్లను అందులో పేరుపెట్టి చెప్పారు. కాని ఇంటి కొట్టంలో మిషను దగ్గర నిలబడేది ఏ అధికారీ కాదు, ఎక్కువగా ఆడవాళ్లు, బడినుంచి వచ్చిన పిల్లలు. సబ్సిడీమీద మిషన్లు పంపిణీ చేసేటప్పుడు పశుసంవర్ధక శాఖవారు ఒక ఆకురాయి కూడా ఇచ్చి, కత్తి విప్పి బిగించే పద్ధతిని ఇంటి ఆడవాళ్లకు సైతం చేసి చూపిస్తే ఎంతో మేలు. అంగడి రోజున సాన పట్టేవారికి పంచాయతీలు కాస్త జాగా చూపినా సరే. అంతవరకు రైతులు నెలకొక పొద్దు ఈ పనికి కేటాయించుకోవడం అవసరం.