పిల్లియు బుట్టయు

పిల్లిని పెంచు గృహస్థులు మన పట్టణములలోను గ్రామములలోను పెక్కుమంది కలరు. ఎలుకలను పట్టునని కొందఱు, పిల్లల యాటకు తోడుగా నుండునని కొందఱు, వాకిట చేరి విడువక అఱచినందున పాలు పోయక తప్పినది కాదని మఱికొందఱు దానిని చేరదీయుదురు. కాని యేడాదికొకసారి దానిని పశువైద్యునకు చూపవలయునన్నచో వీరిలో ననేకులు నవ్వుదురు. నవ్వనివారును "మా పిల్లి బుట్టలో దూఱదు, బలవంతము చేసినచో రక్కును" అని యూరకుందురు. మొదటివారికి ఈ పరీక్ష యెందులకో చెప్పవలసియున్నది. రెండవవారు మొండితనమని తలచునది నిజముగా భయము. ఆ భయమును ఇంటిలోనే చాలవఱకు పోగొట్టవచ్చును. ఈ వ్యాసము ముఖ్యముగా వారి కొఱకు వ్రాయబడినది.

పిల్లి వేటాడు జంతువే యైనను చిన్నది. తనకంటె పెద్ద జంతువులకు తానే యాహారము కాగలదు. ఒంటరిగా వేటాడునది గావున జబ్బుపడినప్పుడు ఆదుకొను మంద దానికి లేదు. అందుచే నొప్పిని నీరసమును బయటపడనీయకుండుట దానికి పుట్టుకతో వచ్చిన గుణము. పెక్కుసారులు అది మూలుగదు, కుంటదు. కొంచెము తక్కువ తినును, కొంచెమెక్కువ నిద్రించును, మంచము క్రిందనుండి వెలుపలికి రాదు. "ముసలిదైనది" అని మనము సరిపెట్టుకొందుము. వయసు మీఱిన పిల్లులకు తఱచుగా వచ్చు మూత్రపిండముల వ్యాధినే చూడుడు. రక్తములో క్రియాటినిన్ అను పదార్థము హెచ్చినట్లు పరీక్షలో కనబడునప్పటికి ఆ యవయవముల శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు నశించియుండును. అంతకు ముందే సూచన యిచ్చునది బరువు. 4 కిలోల పిల్లి అరకిలో తగ్గినచో ఇంటివారి కంటికి ఆనదు. 60 కిలోల మనుష్యుడు ఏడున్నర కిలోలు తగ్గుట యెంతయో అదియు అంతియే. గత సంవత్సరపు అంకె ప్రక్కన ఈ సంవత్సరపు అంకె వ్రాసినప్పుడే ఆ నష్టము బయటపడును. కావుననే ఆరోగ్యముగా కనబడు పిల్లినైనను ఏడాదికొకసారియు, 10 సంవత్సరములు దాటినదానిని ఆఱు నెలలకొకసారియు చూపవలయునని పశువైద్యులు చెప్పుదురు.

టీకాల సంగతియు కలదు. పిల్లిపిల్లకు 6 మొదలు 8 వారముల వయసున టీకాలు ప్రారంభించి, మూడు నాలుగు వారములకొకటి చొప్పున 16 వారములు నిండు వఱకు వేయింతురు. రేబీసు టీకా మూడు నెలలు నిండిన పిదప వేయవలయును. మన దేశమున మనుష్యులకు రేబీసు ప్రధానముగా కుక్కకాటు వలన వచ్చుచున్నను, ఆ వ్యాధి సోకిన పిల్లి కఱచుటయు ప్రాణాపాయమే. లక్షణములు పొడసూపిన పిమ్మట రోగి బ్రదుకుట మిక్కిలి అరుదు. ఏ పిల్లి కఱచినను, రక్కి నెత్తురు వచ్చినను, ఆ గాయమును సబ్బుతో పాఱు నీటిలో 15 నిమిషములు కడిగి ఆనాడే వైద్యుని చూడవలయును. బాలబాలికలారా, తిట్టుదురని ఈ సంగతిని ఇంటిలో దాచకుడు.

ఇక భయము మాట. పిల్లికి మనుష్యులకంటె ఇల్లే ముఖ్యమందురు. అది పూర్తిగా నిజము కాదు గాని, చోటిపై దానికి గల మమకారము గొప్పది. ద్వారబంధములకు, కుర్చీకాళ్లకు అది బుగ్గలు రాచుట మీరు చూచియుందురు. ఆ రాపిడితో తన వాసనను అంటించి ఆ చోటిని తనదిగా చేసికొనును. అట్టి జంతువును సంవత్సరమున కొక్కనాడు హఠాత్తుగా పట్టి, అటకపైనుండి దింపిన దుమ్ముబుట్టలో గ్రుక్కి, మోతలు చేయు ఆటోలో త్రిప్పి, కుక్కలు మొఱుగు ఆవరణమున దింపుదుము. బుట్టను చూచినంతనే అది పాఱిపోవుటలో వింతయేమి? పిల్లినైనను గదిలో పెట్టి కొట్టినచో తిరుగబడునని సామెత. బుట్ట గదికంటె ఇరుకైనది.

ఈ భయము వలన పరీక్షయు చెడును. బెదరిన పిల్లికి గుండె వడి హెచ్చును, రక్తపోటు హెచ్చును, మధుమేహమేమో యనిపించునంతగా రక్తములో చక్కెరయు హెచ్చవచ్చును. అప్పుడు వైద్యుడు ఫ్రక్టోసమిన్ అను వేఱొక పరీక్ష చేయించి, గడచిన కొన్ని వారములలో చక్కెర యెట్లుండెనో తెలిసికొనవలసివచ్చును. నెమ్మదిగానున్న పిల్లి విషయమున ఆ సందేహమే పుట్టదు.

కావున పని ఇంటినుండియే మొదలు కావలయును. గోనెసంచియందు మూట గట్టుటయు, చేసంచిలో నుంచి సైకిలుకు తగిలించుటయు మానవలయును. గట్టి ప్రక్కలు గలిగి, గాలి ఆడుచు, పైకప్పు ఊడదీయుటకు వీలైన బుట్ట మేలు. (అంగళ్లలో దీనిని క్యారియరందురు; అన్నము పంపుకొను క్యారియరుతో పొరపడరాదు.) దానిని తలుపు తీసి, పిల్లి పడుకొను గదిలోనే నిత్యము ఉంచవలయును. లోపల ఇంటివారు వాడిన పాత తువాలు పఱచవలయును. మొదట ఆహారమును బుట్టకు మూరెడు దూరమున, కొన్నిదినములకు గడపయొద్ద, ఆ పిమ్మట లోపల పెట్టవలయును. ఎండుచేప ముక్క చేయు పని ఏ బుజ్జగింపును చేయదు. పిల్లి తనంతట లోపల నిద్రించుట ఆరంభించిన తరువాత తలుపును ఒక్క క్షణము మూసి తెఱవవలయును. తరువాత నిమిషము, ఆపై బుట్టను కొంచెమెత్తి దింపుట, గదినుండి గదికి నడచుట, నిలిచియున్న ఆటోలో కొంతసేపు కూర్చుండుట, వీధి చివఱ వఱకు పోయి తిరిగివచ్చుట. ఎక్కడ పిల్లి బెదరునో అక్కడ ఒక మెట్టు వెనుకకు పోవలయును. లోపలికి నెట్టుట మాత్రము ఏనాడును కూడదు. ఈ పనికి పెద్దలకంటె పిల్లలే తగుదురని నా యభిప్రాయము. పెద్దలు రెండవనాడే ఫలితము కోరుదురు.

ఇది ఊహ కాదు. ఆస్ట్రియా దేశమున వియన్నాలోని పశువైద్య విశ్వవిద్యాలయమువారు 22 పిల్లులపై చేసిన పరిశోధన 2018లో ప్రకటితమైనది. వానిలో సగమునకు ఆఱు వారములలో 28 పాఠములుగా ఈ యభ్యాసము చేయించిరి; తక్కిన సగమునకు చేయింపలేదు. అభ్యాసము గల పిల్లులు ప్రయాణమున తక్కువ కలత చెందినవి, వాని పరీక్షయు త్వరగా ముగిసినది.

వెళ్లునాడు చేయవలసినది కొంచెమే. బుట్టపై పలుచని గుడ్డ కప్పుడు. పిడి పట్టి ఊపుచు నడవక, అడుగున చేయి వేసి మోయుడు. వేసవియందు ఉదయమే బయలుదేఱుడు. వైద్యశాలలో కుక్కలున్నచో మన వంతు వచ్చువఱకు బయటనే నీడలో నుండుట మంచిది. బుట్టను నేలపై నుంచక బల్లపై నుంచవలయును. లోపల పిల్లిని ఈడ్చి తీయక, పైకప్పు ఊడదీసి అడుగు భాగముననే దానిని కూర్చుండనిచ్చి పరీక్షింపుమని వైద్యుని కోరవచ్చును. తల్లిపిల్లి పిల్లలను మెడతోలు పట్టి మోయును గదా యని ఎదిగిన పిల్లిని అట్లు పట్టు వాడుకను నేటి వైద్యులు విడుచుచున్నారు.

ఎంత యభ్యాసము చేయించినను వణకు పిల్లులు కొన్ని యుండును. అట్టివానికి ప్రయాణమునకు రెండు మూడు గంటల ముందు ఇచ్చుటకు గాబాపెంటిన్ అను మందును వైద్యులు వ్రాయుదురు. మోతాదు వారు చెప్పినదే గాని మనము నిర్ణయించునది కాదు. మన యింటి మందులపెట్టెను పిల్లికొఱకు తెఱువనే కూడదు. మన జ్వరమును తగ్గించు పారసెటమాలు మాత్ర యొక్కటి పిల్లిని చంపగలదు, ఏలయన ఆ మందు విషమును విఱుచు శక్తి దాని కాలేయమునకు మిక్కిలి కొఱత. మఱియొక మాట. మగపిల్లి మాటిమాటికి ముక్కుచు మూత్రము పోయలేకున్నచో అభ్యాసమునకు, మంచి వేళకు ఆగరాదు. రక్కినను సరే, తువాలులో చుట్టి వెంటనే తీసికొనిపోవలయును. మూత్రమార్గము మూసికొనిపోయిన పిల్లి రెండు మూడు దినములలో చనిపోవును.

తిరిగివచ్చిన పిమ్మట ఇంటనున్న రెండవ పిల్లి దీనిని చూచి బుస్సుమనవచ్చును. నిన్నటి నేస్తమునకు నేడు వైద్యశాల వాసన పట్టినది, అంతియే. కొన్ని గంటలు వేఱు గదిలో నుంచి, ఇంటి వాసన మఱల అంటిన తరువాత కలుపవలయును. బుట్టను తుడిచి, క్రొత్త గుడ్డ పఱచి, తలుపు తీసి, మునుపటి చోటనే పెట్టుడు. రెండు మూడు దినములు పిల్లి దానివైపు చూడకపోయినను అటకపైకి ఎక్కింపకుడు.