కౌన్సెలర్ బోర్డు సరే.. పునశ్చరణ ఏదీ?

పరీక్ష తప్పిన విద్యార్థి గది తలుపు వేసుకుని రెండు రోజులుగా అన్నం ముట్టడు. తాగుడు మానని భర్తతో వేగలేక ఇల్లాలు పుట్టింటికి చేరుతుంది. పంట పోయి, వడ్డీ పెరిగి రైతు నిద్రకు దూరమవుతాడు. ఇటువంటి సందర్భాల్లో ఊరి పెద్దలనో, గుడినో, దర్గానో ఆశ్రయించడం పూర్వపు రివాజు. ఇటీవలి కాలంలో ‘ఒకసారి కౌన్సెలర్‌కు చూపించండి’ అనే సలహా పల్లెల్లోనూ వినవస్తోంది. స్వాగతించదగిన మార్పే. అయితే ఆ కౌన్సెలర్ ఏం చదివారు, చదువు ముగిసి ఎన్నేళ్లయింది, ఆ తరవాత మళ్లీ తరగతిలో కూర్చున్నారా అని విచారించేవారు అరుదు. వైద్యులకు, క్లినికల్ సైకాలజిస్టులకు పునశ్చరణ నిబంధనలు ఉన్నాయి. జిల్లాల్లో జనానికి ఎక్కువగా ఎదురయ్యే కౌన్సెలర్లకు మాత్రం అటువంటి చట్టబద్ధ నిర్బంధం ఇంతకాలం లేకపోయింది.

మాట ఒకటే.. అర్థాలు అనేకం

అసలు చిక్కు మాటతోనే మొదలవుతుంది. మన వద్ద ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపూ కౌన్సెలింగే, ఉపాధ్యాయుల బదిలీలూ కౌన్సెలింగే, రౌడీషీటర్లను స్టేషనుకు పిలిపించి మందలించడమూ కౌన్సెలింగే. మనసు కుంగిన మనిషి చెప్పేది ఓర్పుతో విని, దారి అతడే కనుగొనేలా తోడ్పడే శాస్త్రీయ పద్ధతికీ అదే పేరు. అందువల్ల నాలుగు మంచి మాటలు చెప్పగలిగిన ప్రతివారూ కౌన్సెలరే అన్న భావన స్థిరపడింది. చట్టం కూడా చాలాకాలం ఈ విషయాన్ని పట్టించుకోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ‘మానసిక ఆరోగ్య నిపుణులు’ అనే నిర్వచనంలో మానసిక వైద్యులను, రాష్ట్ర ప్రాధికార సంస్థ వద్ద నమోదయ్యే క్లినికల్ సైకాలజిస్టులు, మానసిక ఆరోగ్య నర్సులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను చేర్చింది. కౌన్సెలర్లకు ఆ వరుసలో చోటు దక్కలేదు.

ఎవరికి ఉంది నిబంధన?

మానసిక వైద్యుడు ముందుగా ఎంబీబీఎస్ చదివిన డాక్టరు. వైద్యులు ప్రతి అయిదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యా కార్యక్రమాల్లో పాల్గొనాలని 2002లో వచ్చిన వృత్తి ప్రవర్తన నియమావళి నిర్దేశించింది. క్లినికల్ సైకాలజిస్టుల సంగతి వేరు. వీరు 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదుకు అయిదేళ్ల గడువు. గడువు తీరాక పునరుద్ధరణ జరగాలంటే మండలి ఆమోదించిన సదస్సులు, కార్యశాలల ద్వారా 100 పాయింట్లు సంపాదించి ఉండాలి. నమోదు లేకుండా ఈ వృత్తి చేపడితే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఈ రోజుల్లో వెయ్యి రూపాయలు ఎవరినీ భయపెట్టవన్నది వేరే సంగతి.

మిగిలినవారి పరిస్థితి ఏమిటి? ఎంఏ సైకాలజీ చదివినవారు, సోషల్ వర్క్ పట్టభద్రులు, దూరవిద్య డిప్లమో పొందినవారు, కొన్నిచోట్ల ఏ చదువూ లేనివారు కూడా కౌన్సెలర్లుగా వ్యవహరిస్తున్నారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని హెచ్ఐవీ కౌన్సెలర్లు, కిశోర ఆరోగ్య కేంద్రాల కౌన్సెలర్లకు ఆయా పథకాల కింద శిక్షణ ఇస్తారు. ప్రైవేటు కళాశాలలోనో, సొంత గదిలోనో పనిచేసే వ్యక్తికి ఆ వెసులుబాటు లేదు. అడిగే అధికారీ లేరు. డ్రైవింగ్ లైసెన్సుకు సైతం గడువు ఉన్న దేశంలో, మనిషి ప్రాణంతో ముడిపడిన ఈ పనికి గడువు లేకపోవడం విడ్డూరం.

దీనిని సరిదిద్దేందుకు పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. క్లినికల్ సైకాలజిస్టులు కాని ఇతర సైకాలజిస్టులు, పలు రకాల కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు దీని పరిధిలోకి వచ్చారు. అమలులో జాప్యం జరగడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని, రెండు నెలల్లో అమలుకు చర్యలు తీసుకోవాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించవలసి వచ్చింది.

విశాఖ కేసుతో కదలిక

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఓ విద్యార్థిని 2023 జులైలో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు వెలువరించింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు, చట్టం వచ్చేవరకు దేశమంతటా విద్యాసంస్థలు పాటించవలసిన 15 మార్గదర్శకాలను ప్రకటించింది. 100 లేదా అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలి. వారికి పిల్లల, కిశోరుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్లు ఆధారం ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఒప్పందం ఏర్పరచుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ తప్పనిసరి. ప్రమాద సూచికలను గుర్తించడం, మానసిక ప్రథమ చికిత్స, నిపుణుల వద్దకు పంపే విధానం అందులో ఉండాలి.

ఇక్కడే ఒక వైచిత్రి కనిపిస్తుంది. లెక్కల మాస్టారు, హాస్టల్ వార్డెన్ ఏటా రెండుసార్లు శిక్షణ పొందాలి. వారికి దారి చూపవలసిన కౌన్సెలర్ ఎన్నాళ్లకొకసారి శిక్షణ పొందాలో మాత్రం గడువు లేదు. నియామకం నాటికి ఆధారం చూపితే చాలు. ఖాళీ పీరియడ్లు ఎక్కువున్న అధ్యాపకుడికే ఒకరోజు శిక్షణ ఇప్పించి, గది తలుపుకు ‘కౌన్సెలర్’ అని రాయించి సరిపెట్టే యాజమాన్యాలకు తనిఖీ అధికారులు ఏ ప్రశ్న వేస్తారన్నదానిపైనే ఈ మార్గదర్శకాల ఫలితం ఆధారపడి ఉంది.

పాత పాఠంతో కొత్త ప్రమాదం

పదిహేనేళ్ల కిందట చదివిన పాఠం ఇప్పుడు పనికిరాదా అని సందేహం రావచ్చు. ఓర్పు, గోప్యత, సానుభూతి మారవు. మారినవి చాలానే ఉన్నాయి.

ముందుగా చట్టాన్ని తీసుకుందాం. ఆత్మహత్యాయత్నం ఒకప్పుడు భారత శిక్షాస్మృతి 309 సెక్షన్ కింద నేరం. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115 సెక్షన్, అటువంటి వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలని, శిక్షించరాదని, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షన్‌ను కొనసాగించలేదు. ప్రభుత్వోద్యోగి విధులను అడ్డుకునేందుకు చేసే యత్నం మాత్రమే అందులో నేరం. ఈ సంగతి తెలియని కౌన్సెలర్ ‘పోలీసు కేసవుతుంది, బయటకు చెప్పకండి’ అని సలహా ఇస్తే ఆ కుటుంబం ఆసుపత్రికే వెళ్లకపోవచ్చు. అలాగే 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం జరిగినట్లు తెలిస్తే పోలీసులకు సమాచారం ఇవ్వడం 2012 పోక్సో చట్టం ప్రకారం విధి. ఇవ్వకపోతే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. గోప్యత పాఠం ఒక్కటే గుర్తుంచుకుని ఈ మినహాయింపును విస్మరించిన పాఠశాల కౌన్సెలర్ తాను చిక్కుల్లో పడటమే కాక, బిడ్డను అదే ఇంటికి తిరిగి పంపే ప్రమాదం ఉంది.

ఇక పద్ధతులు. చనిపోవాలన్న తలంపు ఉన్నవారితో ‘నేను అఘాయిత్యం చేసుకోను’ అని కాగితంపై సంతకం చేయించుకోవడం ఒకనాటి అలవాటు. అది ప్రాణాన్ని కాపాడుతుందనడానికి ఆధారాలు దొరకలేదు. దాని స్థానంలో భద్రతా ప్రణాళిక వచ్చింది. అమెరికా పరిశోధకులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన ఈ పద్ధతి 2012లో ప్రచురితమైంది. మనసు చెదిరే ముందు కనిపించే గుర్తులు ఏమిటి, అప్పుడు తనంతట తాను ఏం చేయాలి, ఎవరి వద్దకు వెళ్లాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్నది బాధితుడే కౌన్సెలర్ సాయంతో రాసుకుంటాడు. హాని చేసే వస్తువులను అందుబాటులో లేకుండా చేయడం ఇందులో ముఖ్యమైన మెట్టు. వ్యవసాయ జిల్లాల్లో దీని అర్థం సుస్పష్టం. పురుగుమందు ఇంట్లో ఉందా, ఎవరి వద్ద తాళం ఉంది, కొన్నాళ్లు పొరుగువారి వద్ద ఉంచగలరా అని కౌన్సెలర్ కుటుంబాన్ని నేరుగా అడగాలి. చనిపోవాలనిపిస్తోందా అని బాధితుడిని అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం కూడా పాతదే. అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు తేల్చాయి.

తుపాన్ల తీరంలో ఉన్నవారికి మరో ఉదాహరణ. విపత్తు నుంచి బయటపడినవారందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా ఒకే సిటింగులో చెప్పించడం మంచిదని లోగడ నమ్మేవారు. దీనివల్ల ప్రయోజనం కనిపించలేదని, కొందరికి హాని జరిగే అవకాశమూ ఉందని 2002లో ప్రచురితమైన కోక్రేన్ సమీక్ష హెచ్చరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని విడుదల చేసింది. బలవంతంగా చెప్పించకుండా, ముందు తిండి, నీడ, అయినవారి జాడ చూడటం దీని సారం. హుద్‌హుద్ వంటి తుపాను మరొకటి వచ్చినప్పుడు శిబిరాలకు వెళ్లే స్వచ్ఛంద కౌన్సెలర్‌కు ఈ తేడా తెలిసి ఉండాలి. 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో ఆన్‌లైన్, వీడియో ఆటల వ్యసనం రుగ్మతగా చేరింది. ‘ఫోను పట్టుకుంటే వదలడు’ అని బిడ్డను తీసుకొచ్చే తల్లిదండ్రులకు ఏది అలవాటో, ఏది రుగ్మతో విడమరచి చెప్పగలగాలి.

సదస్సుకు వెళ్లివస్తే సరిపోదు

శిక్షణ అనగానే ఫంక్షన్ హాలు, జ్ఞాపిక, భోజనం, చివరిలో ధ్రువపత్రం గుర్తుకొస్తాయి. వీటితో నైపుణ్యం రాదని 2004లో అమెరికాలో విలియం మిల్లర్ బృందం వెల్లడించింది. వ్యసన విముక్తి రంగంలోని 140 మందికి సంభాషణ ద్వారా మార్పు తెచ్చే పద్ధతిని నేర్పి పరిశీలించారు. కార్యశాలకు హాజరైన తరవాత తమ పనిపై లోపాలు చెప్పించుకుని, మార్గదర్శనం పొందినవారి నైపుణ్యం మరింత పెరిగింది. ఆసక్తికరమైన అంశం ఏమిటంటే, తమకు ఎంత వచ్చిందని వారు అనుకున్నారో, రికార్డు చేసిన సంభాషణల్లో ఎంత కనిపించిందో వాటికి పొంతన లేదు.

మన దేశంలో దీనికి చక్కని నమూనా గోవాలో ఉంది. సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ మానసిక శాస్త్రం చదవని స్థానికులను కౌన్సెలర్లుగా తీర్చిదిద్ది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్ర కుంగుబాటుతో ఉన్న 495 మందిపై అధ్యయనం చేసింది. లాన్సెట్ పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం మూడు నెలల తరవాత, మామూలు సంరక్షణ మాత్రమే పొందినవారిలో 39 శాతం కోలుకోగా, దానికి కౌన్సెలింగ్ తోడైన వారిలో 64 శాతం కోలుకున్నారు. ఈ కౌన్సెలర్లు క్రమం తప్పకుండా కలుసుకుని, ఒకరి సంభాషణల రికార్డులను మరొకరు విని మార్కులు వేసుకునేవారు. పట్టా లేకపోయినా పర్యవేక్షణ ఉంటే ఇంతటి ఫలితం వచ్చింది. పట్టా ఉండి పర్యవేక్షణ లేనివారు దీనిని గమనించాలి.

దూరం, ఖర్చు, భాష

జిల్లాల్లోని కౌన్సెలర్లనే తప్పుపట్టడం న్యాయం కాదు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ వంటిచోట్ల పునశ్చరణ కార్యక్రమాలు జరుగుతుంటాయి. మారుమూల మండలం నుంచి అక్కడికి వెళ్లాలంటే రాత్రి ప్రయాణం, బస, రుసుము, సెలవు అన్నీ సొంతమే. కాంట్రాక్టు ఉద్యోగికి ఆ రోజుల జీతం కూడా కోత పడుతుంది. యాజమాన్యాలు కనీసం విధి నిర్వహణగా పరిగణిస్తే సగం భారం తగ్గుతుంది.

బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ దూరాన్ని కొంత తగ్గించింది. న్యూమెక్సికోలో సంజీవ్ అరోరా అనే వైద్యుడు 2003లో ప్రారంభించిన ‘ఎకో’ విధానాన్ని అనుసరించి, ఇంటర్నెట్ ద్వారా వివిధ ప్రాంతాల సిబ్బందిని నిపుణులతో కలుపుతోంది. దూరప్రాంతంలోని వ్యక్తి తన వద్దకు వచ్చిన కేసును పేరు చెప్పకుండా వివరిస్తే, నిపుణులు, తోటివారు చర్చించి దారి చూపుతారు. ఉపన్యాసం కన్నా ఇది మేలైన పద్ధతి.

భాష సమస్య మాత్రం మిగిలే ఉంది. శిక్షణ సామగ్రిలో అత్యధికం ఆంగ్లంలోనే. మన పల్లెల్లో కుంగుబాటు అని ఎవరూ చెప్పరు. గుండె దడ అంటారు, తల దిమ్ముగా ఉందంటారు, ఒంట్లో సత్తువ లేదంటారు, నరాల బలహీనత అంటారు. గాలి సోకిందని చెప్పేవారూ ఉన్నారు. ఈ మాటల వెనుక ఉన్న బాధను పట్టుకోవడం ఆంగ్ల పుస్తకం నేర్పదు. తెలుగులో కేసు చర్చలు, తెలుగులో ప్రశ్నావళులు విరివిగా రావలసి ఉంది. ఉభయ రాష్ట్రాల విశ్వవిద్యాలయాల మనస్తత్వశాస్త్ర విభాగాలు తలచుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు.

ఏం అడగాలి?

కౌన్సెలర్ వద్దకు వెళ్లేవారు మొహమాటపడకుండా కొన్ని వివరాలు తెలుసుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టునని చెప్పుకుంటే పునరావాస మండలి నమోదు సంఖ్య అడగాలి. మండలి వెబ్‌సైట్లో పేరు సరిచూసుకునే వీలుంది. ఇతరులైతే ఏ కోర్సు, ఎక్కడ, చివరిసారి శిక్షణ ఎప్పుడు, కఠినమైన కేసు వస్తే ఎవరిని సంప్రదిస్తారు అని అడగాలి. చివరి ప్రశ్నే కీలకం. ‘నేనే చూసుకుంటాను’ అనేవారి కన్నా, ‘ఫలానా డాక్టరు వద్దకు పంపుతాను’ అనేవారు నయం. ఒక్క సిటింగులో నయం చేస్తామని హామీ ఇచ్చినా, డాక్టరు రాసిన మందులు మానేయమన్నా అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

తక్షణ సహాయం కావలసినవారు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. అవసరమైతే అక్కడి కౌన్సెలర్లు కాల్‌ను మానసిక వైద్యులకు అనుసంధానిస్తారు. నేరుగా చికిత్స కోరేవారికి హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.