చేతియంత్రములో చిక్కుప్రశ్నలు

పిల్లలు చేతబట్టుకొని ఆడుకొను యంత్రములనిన తలిదండ్రులకు శంక కలుగుట సహజము. ఆ శంక మాకును కలదు. అయినను ఈ సెలవులలో బంధువుల బాలుడొకడు మా యింటికి తెచ్చిన ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి. దాని పేరు 'ప్రొఫెసర్ లేటన్ అండ్ ది క్యూరియస్ విలేజ్'. జపానుదేశపు లెవెల్-ఫైవ్ సంస్థ దీనిని 2007లో నింటెండో డి.ఎస్. అను రెండు తెరల యంత్రమునకై నిర్మించినది. 2018లో సెల్‌ఫోనులకును వచ్చినది.

లండను నగరపు ఆచార్యుడొకడు ల్యూక్ అను బాలుని వెంటబెట్టుకొని ఒక వింతగ్రామము చేరును. మరణించిన ధనికుని వీలునామాలోని 'బంగారు ఆపిలు' మర్మమును ఛేదించుట వారి పని. త్రోవలో ఎవరిని పలుకరించినను ముందొక చిక్కుప్రశ్న వేయుదురు. (దారి యడిగిన వానికి లెక్క యిచ్చు మర్యాద ఏ యూరిదో మాకు బోధపడలేదు!) ఈ ప్రశ్నలను కూర్చినవారు చీబా విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన అకిరా టాగో (1926-2016). 1966 నుండి వెలువడిన వారి చిక్కుప్రశ్నల గ్రంథములు ఆ దేశమున మిక్కిలి ప్రసిద్ధములు.

తప్పు సమాధానమునకు మార్కులు తగ్గును. ఆలోచించుచు కూర్చున్నందుకు తగ్గవు. ఇది మాకు నచ్చినది.

ఒక ప్రశ్న వినుడు. మూడు తోడేళ్లు, మూడు కోడిపిల్లలు నది దాటవలెను. తెప్పపై రెండిటికి మించి పట్టవు. అది ఒంటరిగా కదలదు. ఏ యొడ్డుననైనను కోడిపిల్లలకంటె తోడేళ్లు ఎక్కువైనచో పిల్లలకు ముప్పు. మన పులి, మేక, గడ్డిమోపు కథకు ఇది దాయాది. అందు ఏడు దాటులు చాలును; ఇందు పదునొకండు కావలెను. అచట మేకను వెనుకకు తెచ్చినట్లే, ఇచట నడుమ నొకసారి తోడేలు నొకదానిని, కోడిపిల్ల నొకదానిని జంటగా వెనుకకు తేవలెను. ముందునకు పోవలెనను తొందరలో ఈ యుపాయము తోచదు.

మా బాలుడు దీనిని ఆంగ్లమున చదివి నాలుగుసార్లు తప్పెను. లెక్క రాక కాదు. ఆవలి యొడ్డునే చూచుచుండెను. మేము తెలుగున చెప్పగా, "రెండొడ్లును చూడవలెనా, పెదనాన్నగారూ?" అని, అగ్గిపుల్లలను, వేరుసెనగ పప్పులను నేలపై పరచి కొలది సేపటిలో దాటించెను.

ఈ యాటకు తెలుగు రూపము లేదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకమున ఆంగ్లముగల మన పిల్లలు ఇట్టి ప్రశ్నలయెదుట తడబడినచో తెలివి తక్కువని తలపకుడు. ప్రశ్నను మన మాటలలో వారిచేతనే చెప్పించి చూడుడు. కొన్ని ప్రశ్నలలో కిటుకంతయు ఒక్క పదమునందే దాగియుండును. అవి మాకును లొంగలేదు.

ఆ సాయంకాలము వాని నాయనమ్మగారు యంత్రమును ప్రక్కనబెట్టించి తమ పొడుపుకథ యొకటి విప్పుమనిరి. బాలుడు రాత్రి భోజనమునకు ముందే విప్పెను. మేమింకను ఆలోచించుచునే యున్నాము.